తిత్తి ఊపిరి

రాఘవమ్మ నోరు మూయించాలని ఇరవై రెండేళ్ళుగా చాలామంది చూశారు. అత్త చూసింది, పలకల ఫ్యాక్టరీ మేస్త్రీ చూశాడు, ఒకసారి పెద్దారవీడు సంతలో తాగి తిరిగే హెడ్డు కానిస్టేబులు కూడా చూశాడు. ఎవరివల్లా కాలేదు. చివరికి ఆ పని ఒక కట్లపాము చేసింది. అదీ ఎదురుపడి కాదు. రాత్రి వాన పడి నేల చెమ్మగిల్లితే ఇంట్లోకి దూరి, చాపమీద నిద్రపోతున్న మనిషిని కరిచిందో లేదో తెలియకుండా కరిచి పోయింది. ఇప్పుడు మధ్యాహ్నం. మార్కాపురం ఊరి చివర మిషను ఆసుపత్రిలో ఇనప మంచం మీద రాఘవమ్మ వెల్లకిలా పడి ఉంది. రెప్ప ఎత్తలేదు, వేలు కదపలేదు, గుటక వేయలేదు. కళ్ళమీద తడి దూది పెట్టారు గనక వెలుతురు కూడా లేదు. చెవులున్నాయి. ఒంటిమీద ఏది తగిలినా తెలుస్తోంది. తక్కిన రాఘవమ్మ, ఆ తిట్లతో, ఆ కోపంతో, ఆ పెత్తనంతో సహా, వీసమెత్తు తరగకుండా లోపల అట్లాగే ఉంది. ఆ సంగతి బయటున్న వాళ్ళలో ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో, అదే ఆమెకు తెలియడం లేదు.

ఉస్సు అని ఒకటి. ఆగడం. మళ్ళీ ఉస్సు. ఒక్కొక్క ఊపిరీ బయటినుంచి వస్తోంది, అడగకుండా వస్తోంది, రొమ్మును తనే ఎత్తి తనే దించుతోంది. గొంతు గుంటలో డాక్టరు చిన్నగా కోసి గొట్టం దించాడు, ఆ గొట్టానికి రబ్బరు తిత్తి తగిలించాడు, ఆ తిత్తి నర్సు దీనమ్మ చేతుల్లో ఉంది. దీనమ్మ నొక్కితే రాఘవమ్మకు ఊపిరి. వదిలితే ఆ ఊపిరి బయటికి పోతుంది. మళ్ళీ నొక్కేదాకా ఏమీ లేదు. ఆ ఖాళీ నాలుగు అంకెలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఉస్సు. పొద్దున్నుంచీ రాఘవమ్మ లెక్కపెడుతూనే ఉంది. దీనమ్మ మొహం తుడుచుకుంటే అయిదవుతుంది. చెయ్యి మార్చుకుంటే ఆరవుతుంది. గొట్టంలో కళ్ళె చేరి గురగురమన్నప్పుడు తిత్తి విప్పేసి, సన్న రబ్బరు గొట్టం లోపలికి దించి, కాలితో తొక్కే మిషనుతో లాగుతుంది చూడు, అప్పుడు పన్నెండు. పన్నెండు అంకెలంటే ఎంతసేపో బయటి మనుషులకు తెలియదు. రాఘవమ్మకు తెలుసు. తొమ్మిది దగ్గర రొమ్ము లోపల పిడికిలి బిగుసుకుంటుంది, పది దగ్గర అరవాలనిపిస్తుంది, పదకొండు దగ్గర ఇక ఏమీ అనిపించదు, ఆ ఏమీ అనిపించకపోవడమే అన్నిటికన్నా ఎక్కువ భయం. ఇప్పుడు మళ్ళీ గురగుర మొదలవుతోందా? లేదు. బయట ఎడ్లు నెమరేస్తున్న చప్పుడది. మన బండి ఎడ్లే.

డాక్టరు చంద్రశేఖరరావు గుంటూరులో చదివి వచ్చినవాడు, గొంతును బట్టి చూస్తే ముప్ఫై ఉండవు. పొద్దున రాఘవమ్మ రెప్పలు వాలిపోతున్నప్పుడు చెవి దగ్గర వంగి, "అమ్మా, భయపడకండి. విషం మీ కండరాలను పట్టుకుంది. కాసేపట్లో మీ అంతట మీరు ఊపిరి తీసుకోలేరు. మీ బదులు మేం పోస్తాం. రెండు రోజులో, నాలుగు రోజులో, విషం దిగేదాకా" అన్నాడు. నాలుగు రోజులు! రోజుకెన్ని నొక్కులో ఎవరైనా లెక్కేశారా? కర్నూలు పెద్దాసుపత్రికి పంపుదామంటే కొండదారిలో ఈ తిత్తి నొక్కుకుంటూ ఎట్లా పోతారు? ఉన్న విరుగుడు మందు రెండు సీసాలూ ఎక్కించేశాడు. ఇంకా కావాలని గుంటూరుకు తంతి కొట్టాడు. అది రైల్లో వస్తుందని, వేరే వాళ్ళు పోతే స్టేషన్లో పార్శిలు ఇవ్వరని, తనే పోయాడు. ఇంకో నర్సు కాన్పు గదిలో ఇరుక్కుంది. పోయేముందు, "మీలో ఒకరు రండి, నేర్పిస్తాను, దీనమ్మ ఒక్కతే ఎంతసేపని నొక్కుతుంది?" అని మన వాళ్ళను అడిగాడు. అన్న కాటమరాజు, "అయ్యో సామీ, మా చేతిలో పోతే ఆ పాపం మాకెందుకు?" అన్నాడు. ఇంకో మనిషి ఏమీ అనలేదు. ఏమీ అనలేదు గనక ఆ ఇంకో మనిషి గదిలో ఉన్నాడో లేడో రాఘవమ్మకు తెలియలేదు.

ఆ ఇంకో మనిషి అంకయ్య, ఆమె మొగుడు. చెవులు మాత్రమే మిగిలిన ఆడదానికి మాట్లాడని మొగుడు ఉన్నా లేనట్టే. అన్న ఉన్నాడని తెలుస్తోంది, గొర్రెలను అదిలించే ఆ గొంతు, ముక్కు చీదడం, కర్ర నేలకు కొట్టడం. దీనమ్మ ఉందని తెలుస్తోంది, ఆమె ఊపిరి తిత్తితోపాటే పైకీ కిందికీ పోతోంది. కాన్పు గదిలో ఎవరో తల్లిని పిలుస్తోంది. స్టవ్వు మీద సూదులు కాగుతున్నాయి. ఇన్ని వినిపిస్తున్నాయి గానీ అంకయ్య వినిపించడు. పెళ్ళైన మూడో రోజే అడిగింది, నీకు మాటలు రావా అని. నవ్వాడు. క్వారీలో ఉలిపెట్టి రాయిని పొర పొరగా చీలుస్తాడు, అంత పలచని పొర పక్కవాళ్ళకు రాదు, దాన్ని గురించి కూడా ఎవరికీ చెప్పుకోడు. ఆ పొరలే పలకలై ఫ్యాక్టరీకి వస్తాయి. రాఘవమ్మ పలకను వేలి కణుపుతో కొట్టి, ఖంగుమంటే ఇటు, లొటుక్కుమంటే అటు పెడుతుంది. కంటికి కనపడని పగులు చెవికి దొరుకుతుంది. రోజుకు వందల పలకలు. తను మాట్లాడుతూనే కొడుతుంది, మాట్లాడుతూనే వింటుంది, అందుకే మేస్త్రీకి మంట. ఇంట్లో అంకయ్య మాట్లాడాల్సిన మాటలు కూడా తనే మాట్లాడుకునేది, నువ్వు ఇట్ల అంటావు, నేను అట్ల అంటాను అని రెండువైపులా. ఇరవై రెండేళ్ళ సంసారం ఒక్క నోటితో నడిచింది. ఇప్పుడు ఆ నోరు లేదు. అంకయ్యా, ఒక్కసారి దగ్గవయ్యా. తుమ్ము. ఏదో ఒక చప్పుడు చెయ్యి.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఉస్సు. తెల్లవారుజామున కడుపులో నొప్పి వచ్చినప్పుడు పాచిపోయిన సంగటి అనుకుంది. ఒంటిమీద గాటు లేదు, వాపు లేదు. తర్వాత దీపం రెండుగా కనపడింది, రెప్పలు బరువెక్కాయి, కూతురు శ్రీశైలమ్మ జడ వేయమని వచ్చి కూర్చుంటే వేళ్ళు పట్టు తప్పాయి. పిల్ల తలలో సగం జడ, సగం వెంట్రుకలు. అట్లాగే వదిలేసి వచ్చింది, ఇప్పుడు ఎవరు వేసి ఉంటారు? రాత్రికి వచ్చి ఉన్న అన్న చూసి, ఇది పామే అని మంత్రం వేసే ఆయన దగ్గరికి పరుగు పెట్టించాడు. అక్కడ వేపమండలు, మిరియాలు, పసుపునీళ్ళు. పొద్దు బారెడెక్కింది. మిరియం కారంగా ఉందా అంటే లేదంది, వేపాకు చేదా అంటే లేదంది, అసలు నాలుకే తనది కాకుండా పోతోంది. అంకయ్య బయట బండి దగ్గర నిలబడి ఉన్నాడు, ఎద్దు మెడమీద చెయ్యి వేసుకుని. అప్పుడు రాఘవమ్మే నాలుకను కూడదీసుకుని కేకేసింది. "నీకు చెవుడా? బండి కట్టు. ఆసుపత్రికి." ఆ తర్వాత మాట రాలేదు. లోకంతో తను అన్న ఆఖరి మాట అదేనా? నీకు చెవుడా అని? మొగుణ్ణి? తలుచుకుంటే గుండె నీరైపోయింది, ఏడుపు రాలేదు, ఏడవాలన్నా కండరాలే కావాలని ఇప్పుడే తెలిసింది.

"అంకయ్యా." అన్న గొంతు. దగ్గరికొచ్చింది. "ఇట్ల ఎంతసేపు? చెల్లెలి మొకం చూడు. చేయి చూడు, ఎత్తి వదిలితే గుడ్డపేలిక మాదిరి పడిపోతా ఉండాది."

ఎత్తాడు కూడా. వదిలాడు. చెయ్యి పరుపుమీద పడ్డ చప్పుడు రాఘవమ్మ విన్నది. అది తన చెయ్యే. ఆ చెయ్యి ఎత్తి అన్న చెంప పగలగొట్టాలని ఉంది. అన్నా, చిన్నప్పుడు దిగుడుబావిలో పడితే తలవెంట్రుకలు పట్టుకుని పైకి లాగావే, అప్పుడు కూడా ఇట్లాగే వేళ్ళాడాను గదా, చచ్చిందని వదిలేశావా? మంచం తలవైపు ఏదో గీసుకున్న చప్పుడు. గోడకు పలక తగిలించి ఉంటుంది, డాక్టరు దానిమీద గంటకోసారి నాడి రాస్తాడు. బలపం కిరకిర పొద్దున్నుంచీ వింటూనే ఉంది. ఆ పలకను అన్న తీశాడు. తువ్వాలుతో తుడిచాడు. ఏం చేస్తున్నాడో రాఘవమ్మకు అర్థమై ఒళ్ళు జల్లుమంది, కనీసం జల్లుమనాల్సిన చోట జల్లుమంది. ఫ్యాక్టరీ చుట్టుపక్కల గుడిసెల్లో ఎవరికైనా ప్రాణం పోయిందో లేదో తేలకపోతే నున్నగా రుద్దిన పలకను ముక్కు ముందు పెడతారు. చల్లటి నల్లరాయి, ఏ కొంచెం ఊపిరి తగిలినా తెల్లగా చెమ్మ కడుతుంది. పలకల మనుషులకు అద్దం కన్నా అదే నమ్మకం. రాఘవమ్మే నాలుగైదిళ్ళలో పెట్టి చూసింది, చూసి పెద్దరికంగా తల అడ్డంగా ఊపింది కూడా. ఇప్పుడు ఆ చల్లదనం తన పెదవి మీద ఆనింది. ఉస్సు. పలక మీద ఏమీ ఉండదు. ఎట్లా ఉంటుంది, ఊపిరి ముక్కులోంచి పోతేగా!

"సూడు. ఆరిపోయినట్టే ఉండాది." అన్నాడు కాటమరాజు.

"అన్నా, ముక్కు కాడ గాదు," దీనమ్మ అంది, నొక్కుతూనే. "గాలి గొంతులో గొట్టంలోంచి పోతాది. ఈడ పెట్టు, చెమ్మ చూడు."

గొంతు దగ్గర చల్లగా. ఉస్సు. వదిలినప్పుడు వెచ్చగా.

"చెమ్మ వచ్చిందా?"

"వచ్చింది," అన్నాడు కాటమరాజు. పలక దించి, "అది నీ గాలమ్మా. మా చెల్లెలిది గాదు" అన్నాడు.

నాలుగు అంకెలు గడిచాయి, అయిదు, ఉస్సు. ఎవరి గాలి? తిత్తిలో ఉన్నంతసేపు దీనమ్మది, లోపలికి వచ్చాక నాది, కాదా? లోపల తిరిగి వెచ్చబడింది, ఆ వెచ్చన నాది. అన్నా, ఆ వెచ్చన నాది! నాడి చూడమంది దీనమ్మ. అన్న మణికట్టు పట్టుకున్నాడు, గొర్రెల తాళ్ళు లాగి లాగి కాయలు కాసిన వేళ్ళకు చీమ నడిస్తే తెలుస్తుందా, సన్నటి నాడి తెలుస్తుందా? ఏదో కొట్టుకుంటున్నట్టుంది గానీ అది కూడా తిత్తి అదురే కావచ్చునన్నాడు. అట్లా ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోతున్నాడు. ఊపిరి దీనమ్మది, నాడి తిత్తిది, వేడి ఎండది. రాఘవమ్మకు ఏం మిగిల్చాడు? ఆలోచన. అది ఎవరికి చూపిస్తుంది?

అప్పుడు దీనమ్మ చెప్పింది. రొప్పుతూ, నొక్కు నొక్కుకూ మధ్య మాట విరుస్తూ చెప్పింది. "పెద్దాయనా, పోయినేడు కొనకనమిట్ల నుంచి ఒక కాపాయన వచ్చినాడు. ఇదే పాము. కండ్లల్లో లైటు ఏస్తే పాప కదల్లే. గిచ్చితే ఉలకలే. పోయినాడని సారు తిత్తి ఆపించినాడు. నేనే ఆపినా. ఆపినాక గూడా గుండె శానాసేపు కొట్టుకునింది. సారు బెదిరిపోయి మళ్ళా తిత్తి అందుకున్నాడు, అప్పటికే అయిపాయ. తర్వాత పుస్తకాలు తెప్పిచ్చుకోని చదివినాడు. ఈ విషం కంటిపాపను గూడా బిగేస్తదంట. బుర్ర మాత్రం మేలుకోనే ఉంటదంట. సారు రెండు దినాలు అన్నం తినలే. అప్పట్నుంచి ఒకటే మాట, నాడి ఆగేదాకా మనం ఆపకూడదు దీనమ్మా, మంచం కాడ మాట్లాడేది మనిషి వింటా ఉందనుకోనే మాట్లాడాల అని."

వింటా ఉండాను దీనమ్మా! రాఘవమ్మ ప్రాణం లేచొచ్చింది, తెలుసు, ఒకరికి తెలుసు, నేనిక్కడ ఉన్నానని ఒకరికి తెలుసు. లేచిన ప్రాణం అంతలోనే చల్లబడింది. ఆ కొనకనమిట్ల కాపాయన. పేరు కూడా తెలియదు. ఆయన విని ఉంటాడు గదా. ఇక చాలు, ఆపు దీనమ్మా అని డాక్టరు అన్నది విని ఉంటాడు. తిత్తి విప్పిన చప్పుడు విని ఉంటాడు. లెక్కపెట్టుకుని ఉంటాడు. తొమ్మిది, పది, పదకొండు. ఎంతదాకా లెక్కపెట్టాడో! మంచం ఇదేనా? ఇదే మంచమా? ఒకవేళ ఈ మంచం మీదే అయితే? ఉస్సు అని వచ్చిన ఊపిరి ఆయనకు రావలసిన ఊపిరిలా అనిపించి రాఘవమ్మకు దాన్ని తీసుకోవడానికి కూడా భయమేసింది.

"మీ సారు నేర్చుకునేదానికి మా చెల్లెలే దొరికిందా?" అన్నాడు కాటమరాజు. కోపంగా కాదు, ఏడుస్తూ అన్నాడు. "పాము కరిచి పోయినోళ్ళను పోలీసోళ్ళు కోయిస్తారంట గదమ్మా. ఆయప్ప వచ్చి కాగితం రాసినాడంటే బండి కదలనియ్యరు. ఇప్పటికే గొంతు కోసినాడు. ఇంకా కోస్తారు. పొద్దుండంగానే తీసకపోయి మా అమ్మ పక్కన పెట్టుకుంటాం. నీకు దండం పెడతా, ఆపమ్మా."

ఈ అన్న చెడ్డవాడు కాదు. అదే భయం. చెడ్డవాడైతే ఎవరో ఒకరు అడ్డం పడతారు. ఇంత ప్రేమగా, కళ్ళనీళ్ళు కారుస్తూ, చెల్లెల్ని కత్తికి అప్పగించకుండా కాపాడుకోవాలని మట్టిలోకి తీసుకుపోయేవాణ్ణి ఎవరు ఆపుతారు? వాళ్ళ వైపు కాల్చరు, పూడుస్తారు. గుంత తవ్వుతారు, ఉప్పు పోస్తారు, మొహం మీద గుడ్డ కప్పుతారు. అప్పటిదాకా ఉంటుందా తను? ఉండదులే, తిత్తి విప్పాక పన్నెండు అంకెలు, ఇరవై అంకెలు, అంతే. ఆ ఇరవై అంకెలూ తన తలను అన్న ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంటే వినాలి. పెదవి మీద ఈగ వాలింది. నడుస్తోంది. ముక్కు కొన దాకా పోయి వెనక్కి వచ్చింది. ఈగను తోలలేని దాన్ని, నన్ను నేను ఎట్లా కాపాడుకుంటాను. దీనమ్మకు రెండు చేతులూ తిత్తికే సరిపోయాయి. డాక్టరు ఎప్పుడు వస్తాడు? రైలు కూత వినపడుతుందా ఇక్కడికి? స్టేషను దూరం. వినపడదు. వినపడినా బండి రావాలి. అంకయ్యా. అంకయ్యా. నువ్వు గనక గదిలో లేకపోతే, నువ్వు గనక బయట ఎద్దు దగ్గర నిలబడి ఉంటే, ఇక నాకు ఎవరూ లేరు.

కాటమరాజు బయటికి పోయాడు. బండి తిప్పమని ఎవరికో చెప్తున్నాడు, గడ్డి పరవమంటున్నాడు. మళ్ళీ అడుగులు. పర్రున గుడ్డ చినిగిన చప్పుడు. అతని తువ్వాలే అయి ఉంటుంది. అడుగులు తలవైపు రాలేదు, కాళ్ళవైపు పోయాయి. దుప్పటి తొలిగింది. పాదాలకు గాలి తగిలింది. తర్వాత రెండు పాదాల బొటనవేళ్ళూ దగ్గరకు లాగబడ్డాయి, వాటిచుట్టూ గుడ్డపేలిక తిరిగింది, ఒకసారి, రెండోసారి, ముడి.

"ఏందన్నా అది!" దీనమ్మ అరిచింది. "బతికున్న మనిషి కాళ్ళకు!" అరవగానే తాళం తప్పింది. అయిదు. ఆరు. ఉస్సు, సగమే. తిత్తి వదిలి రాలేదు దీనమ్మ. రాలేదని అన్నకు తెలుసు.

బొటనవేళ్ళు కట్టడం రాఘవమ్మకు తెలియనిదా? తనే కట్టింది అత్తకు. దారం పేనుకుని మరీ కట్టింది, లాగి బిగించి, "ఇంక నడిచి పోయి నామీద చాడీలు చెప్పలేదులే" అంది. పక్కన ఇద్దరు ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అత్త అప్పటికి చచ్చిపోయి ఎంతసేపైంది? పలక పెట్టి చూశారు, చెమ్మ రాలేదు, అంతే గదా చూసింది. అత్తా, విన్నావా? అప్పుడు నువ్వు లోపల ఉన్నావా? నేను కట్టిన ముడి నీకు తెలిసిందా, ఇదిగో ఇప్పుడు నాకు తెలుస్తున్నట్టు? తప్పైపోయింది అత్తా. ఏదో నోటి తీట. నోరే గదా, చూడు, తీసేశారు. రాఘవమ్మ లోపల ముడుచుకుపోయింది, ముడుచుకోవడానికి ఇంకా లోపల ఎక్కడా చోటు లేదు. ఇక భయం ఒక చోటునుంచి రావడం లేదు, మంచం కిందినుంచి, కాళ్ళనుంచి, తలలోంచి, అన్ని వైపులనుంచీ వస్తోంది. అయిదు. ఆరు. ఏడు. దీనమ్మ ఏడుస్తోంది. ఉస్సు.

కాళ్ళ దగ్గర మళ్ళీ చెయ్యి. ఇంకో ముడి వేస్తున్నాడా? కాదు. ఈ వేళ్ళు వేరు. గోరు చీలిన చూపుడువేలు, ఉలి దెబ్బ తిన్న బొటనవేలు, రాతి పొడి పట్టి గరుకైన చర్మం. ఈ చెయ్యి తనకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు. ఉన్నాడు! ఇంతసేపూ ఇక్కడే, కాళ్ళ దగ్గరే, నేలమీద కూర్చుని ఉన్నాడు! ముడి బిగుసుకుంది, విప్పలేక గోటితో గీకుతున్నాడు, తొందర పడటం లేదు, రాయి పొర విడదీసేటప్పుడు కూడా ఇంతే. రాఘవమ్మ ఒంట్లో ఎక్కడెక్కడో మిగిలిన సత్తువనంతా, పిల్లకు వేయని సగం జడను, అన్నను తిట్టని తిట్లను, అన్నిటినీ కుడికాలి బొటనవేలికి తోసింది. కదిలిందా? తెలియదు. ముడి విడిపోయింది. పేలిక జారింది. వేళ్ళు మాత్రం అక్కడే ఆగాయి. మళ్ళీ తోసింది. పోవద్దు, చెయ్యి తీయొద్దు, మళ్ళీ తోస్తున్నా. అరచెయ్యి మొత్తంగా వచ్చి పాదానికి ఆనుకుంది. మళ్ళీ తోసింది.

"బావా," అన్నాడు అంకయ్య. "బండి తిప్పబాక."

ఆ గొంతు రాఘవమ్మకు ఒక్క క్షణం అన్యమనిషి గొంతులా వినిపించింది, అంత అరుదుగా విన్నది.

"ఏందిరా?"

"నా చేతిని తోసింది. మూడు తూర్లు."

కాటమరాజు దగ్గరికి వచ్చాడు, నిట్టూర్చాడు. "కోసిన మేక గూడా కాలు ఇదిలిస్తది అంకయ్యా. ఆశపడమాక."

"మేకల్ని నువ్వు చూసినావు. దీన్ని నేను చూసినా. ఇది ఇదిలించడం గాదు బావా, తిట్టడం." లేచాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. "సారు వచ్చిందాకా ఎవురూ ముట్టుకోవద్దు. నువ్వు గూడా."

కాటమరాజు కర్ర గోడకు ఆనించి కింద కూలబడ్డాడు. అంకయ్య అడుగులు మంచం పక్కగా తలవైపు వచ్చాయి. "అమ్మా, నీ చేతులు అలిసిపోయినాయి. నాకియ్యి. ఎట్ల నొక్కాలో చూపీ." దీనమ్మ వద్దనలేదు. చేతులు మారుతున్నాయి. నాలుగు. అయిదు. ఇట్ల పట్టుకో అన్నా, గొట్టం లాగబాక, అంటోంది దీనమ్మ. ఏడు. ఎనిమిది. రొమ్ములో పిడికిలి బిగుసుకుంది. తొమ్మిది. అంకయ్యా, పది, ఓరి దేవుడా అంకయ్యా! ఉస్సు. చిన్నది. పిల్లికి పాలు పోసినట్టు. దెబ్బ తగులుతుందేమోనని నొక్కీ నొక్కక నొక్కాడు. "ఇంకా గట్టిగా అన్నా," అంది దీనమ్మ, "ఏమీ కాదు, రొమ్ము లేయాల, చూడు." ఈసారి నిండుగా వచ్చింది. రొమ్ము లేచింది. వదిలాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ నిండుగా. దీనమ్మ చేతులు దులుపుకుంది, ఒక అడుగు దూరం జరిగింది, రాఘవమ్మ ముక్కుమీది ఈగను తోలింది. డాక్టరు ఇంకా రాలేదు. మందు రైల్లో ఉందో లేదో తెలియదు. నాలుగు రోజుల్లో ఒక్క మధ్యాహ్నం కూడా ఇంకా గడవలేదు.

అంకయ్య వంగాడు. అతని మొహంలోంచి చెమట చుక్క రాఘవమ్మ చెవి పక్కన పడింది. గొంతు బాగా తగ్గించి, పక్కనున్న దీనమ్మకు కూడా వినపడకుండా, ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ అనని మాట అన్నాడు.

"రాగవా, నాకు శానా బయంగా ఉండాది."

ఆ మాట అంటున్నప్పుడు కూడా అతని చెయ్యి ఆగలేదు.